ఎల్‌డీఎల్ ఒక ల్యాబులో 112, ఇంకో ల్యాబులో 138: దేన్ని నమ్మాలి?

గాలిపటం:
వయసు 46. షుగర్ లేదు, సిగరెట్ అలవాటు లేదు, బీపీకి మాత్ర వేసుకుంటున్నా. ఆఫీసు హెల్త్ చెకప్‌లో వచ్చినవి: టోటల్ కొలెస్ట్రాల్ 212, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్ అంటారే, అది) 42, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు) 290, ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్) 112. తిన్నాక ఇచ్చిన రక్తం అది. ట్రైగ్లిజరైడ్స్ చూసి కంగారుపడి తర్వాతి వారం వేరే ల్యాబులో పరగడుపున చేయించా. టోటల్ 205, హెచ్‌డీఎల్ 40, ట్రైగ్లిజరైడ్స్ 165, ఎల్‌డీఎల్ 138. మిగతావన్నీ తగ్గి, ఎల్‌డీఎల్ ఒక్కటే 26 పెరగడమేంటి? మొదటిది చూసిన డాక్టరు కొన్నాళ్ళు ఆగుదామన్నారు. రెండోది చూసినాయన స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర) మొదలుపెట్టమంటున్నారు. మూడో ల్యాబుకు వెళ్ళి తేల్చుకోనా?

పాతచెట్టు:
వెళ్ళాల్సిందే. రెండింట్లో ఒక ల్యాబు తప్పు చేసింది, అంతే కదా.

స్లైడుబాబు:
ల్యాబులోనే పనిచేస్తాను కాబట్టి చెప్తున్నా, ఎవరూ తప్పు చేసినట్టు లేదు. చాలాచోట్ల ఎల్‌డీఎల్‌ని కొలవరండీ, లెక్కకడతారు. 1972 నాటి ఫ్రీడ్‌వాల్డ్ సూత్రం: టోటల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేసి, ట్రైగ్లిజరైడ్స్‌లో అయిదో వంతు కూడా తీసేయడం (వీఎల్‌డీఎల్ అనే కణాల్లో ఉండే కొలెస్ట్రాల్‌కి అది అంచనా). మీ మొదటి రిపోర్టు వేసి చూడండి: 212 − 42 − 58 = 112. అచ్చంగా కుదిరింది. రెండోది 205 − 40 − 33 = 132 రావాలి, మీకు 138 ఇచ్చారు. అంటే అక్కడ నేరుగా కొలిచారన్నమాట. పరీక్ష పేరు పక్కన ‘డైరెక్ట్’ అని ఉందేమో చూడండి.

గాలిపటం:
ఉందండీ! నేను గమనించలేదు.

స్లైడుబాబు:
అయితే మీ 26లో పద్ధతి మారినందుకు వచ్చింది 6. మిగతా 20 ప్రధానంగా ట్రైగ్లిజరైడ్స్ తగ్గినందువల్ల: తీసేసే అయిదో వంతు 58 నుంచి 33కి తగ్గింది కదా.

పాతచెట్టు:
నేరుగా కొలిచిందే నిజం, లెక్క కట్టింది ఊహ. 138 నమ్మండి, గొడవ వదిలిపోతుంది.

స్లైడుబాబు:
అంత తేలిక కాదు పెద్దాయనా. డైరెక్ట్ కిట్లు ఒక్కో కంపెనీవి ఒక్కో రసాయనంతో పనిచేస్తాయి. ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువున్న రక్తంలో వాటిలో వాటికే పొత్తు కుదరదు. అసలు ప్రామాణికం అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌తో వేరుచేసి కొలవడం, అది రోజువారీ ల్యాబుల్లో జరిగే పని కాదు.

అలాగని ఫ్రీడ్‌వాల్డ్‌ని వెనకేసుకురావడం లేదు. ‘అయిదో వంతు’ అన్నది అందరికీ ఒకేలా వర్తించదు. ట్రైగ్లిజరైడ్స్ పెరిగేకొద్దీ అది తీసేయాల్సినదానికంటే ఎక్కువ తీసేస్తుంది, ఎల్‌డీఎల్ ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. 400 దాటితే ఈ సూత్రం వాడకూడదు. 2013లో వచ్చిన మార్టిన్-హాప్కిన్స్ పద్ధతి ఆ భాజకాన్నే మనిషిని బట్టి మారుస్తుంది. మీ 290కి అయిదుకి బదులు ఆరు అనుకోండి, 112 కాస్తా 122 అవుతుంది. అదే రక్తం, అదే సీసా!

కుండబద్దలు:
ఇంత చర్చ జరుగుతోంది గానీ టోటల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేసి ఎవరైనా చూశారా? మొదటిది 170, రెండోది 165. ఇదే నాన్-హెచ్‌డీఎల్. తిన్నా తినకపోయినా పెద్దగా కదలదు, సూత్రంతో పనిలేదు. మీ రెండు రిపోర్టులూ చెప్పేది దాదాపు ఒకటే. గైడ్‌లైన్లలో నాన్-హెచ్‌డీఎల్ లక్ష్యాన్ని ఎల్‌డీఎల్ లక్ష్యానికి 30 కలిపి పెడతారు. ఆ కొలతన చూస్తే మీది ఎల్‌డీఎల్ 135–140 ఉన్నవాళ్ళ కోవలోకే వస్తుంది. నన్నడిగితే అనుమానించాల్సింది 138ని కాదు, 112ని.

నెమ్మదస్తుడు:
నాన్-హెచ్‌డీఎల్ మాట ఒప్పుకుంటా. కానీ ఇదంతా తిండి పుణ్యమే అని గాలిపటం గారు అనుకుంటారేమో, అక్కడ పేచీ. పరగడుపు అక్కర్లేదని 2016లో యూరోపియన్ నిపుణులు చెప్పిన పత్రంలోనే ఉంది: మామూలు భోజనం తర్వాత ట్రైగ్లిజరైడ్స్ పెరిగేది సగటున మహా అయితే 26. ఇక్కడ తేడా 125! ఒక్క పూట తిండికి అంత రాదు. ట్రైగ్లిజరైడ్స్ ఒకే మనిషిలో రోజుకీ రోజుకీ బాగా ఊగుతాయి, అది కొంత. ముందు రోజు మందు ఏమైనా...?

గాలిపటం:
ముందు రాత్రి పార్టీ. మందు ఉంది. బాగానే ఉంది.

నెమ్మదస్తుడు:
అదీ సంగతి. అయినా 290ని కొట్టిపారేయకండి. పరగడుపున వచ్చిన 165 కూడా 150 గీత దాటిందే. మీ ఒంట్లో ట్రైగ్లిజరైడ్స్‌కి చనువిస్తే పైకెక్కే స్వభావం ఉందని రెండు రిపోర్టులూ చెబుతున్నాయి. థైరాయిడ్ ఎప్పుడైనా చూపించారా? అది మందగిస్తే కొలెస్ట్రాల్ పెరుగుతుంది.

మాత్రలొద్దు:
చూశారా, సూత్రం మారిస్తే జబ్బే మారిపోతోంది! ఇలాంటి అంకెను పట్టుకుని మనిషి చేత జీవితాంతం మాత్ర మింగిస్తారా? మూడు నెలలు తాగుడు మానేసి, నడిచి, బరువు తగ్గి అప్పుడు చూసుకోండి.

పల్స్_ఎండీ:
వైద్యుణ్ణే, కానీ ఇక్కడ ఎవరికీ మాత్ర రాయను. ఒక్క విషయం. గుండెజబ్బు రిస్కు లెక్కించడానికి మేం వాడే కాలిక్యులేటర్లు ఎల్‌డీఎల్ అడగనే అడగవు. వయసు, బీపీ, బీపీ మందు, పొగ, షుగర్, వాటితోపాటు టోటల్, హెచ్‌డీఎల్. 212/42 వేసినా 205/40 వేసినా జవాబు ఇంచుమించు ఒకటే వస్తుంది. కాబట్టి ఆ ఇద్దరు డాక్టర్ల మధ్య తేడా ల్యాబుల వల్ల వచ్చిందని నేననుకోను. ఇద్దరూ రిస్కు లెక్కించకుండా చెరో ఎల్‌డీఎల్ అంకె చూసి అన్నట్టుంది. ‘నా పదేళ్ళ రిస్కు ఎంత వచ్చింది?’ అని ఇద్దర్నీ అడగండి. షుగర్ ఉండి ఉంటే ఈ చర్చే వచ్చేది కాదు: 2018 అమెరికన్ గైడ్‌లైన్ ప్రకారం 40–75 ఏళ్ళ మధుమేహులకు ఎల్‌డీఎల్ 70 నుంచి 189 మధ్య ఎంతున్నా స్టాటిన్ సలహా ఇస్తారు. 112, 138 రెండూ ఆ గంపలోవే.

మాత్రలొద్దు:
మరి అడగని దానికి ఎల్‌డీఎల్ కొలవడం దేనికి?

పల్స్_ఎండీ:
190 దాటితే వంశపారంపర్య సమస్యేమోనని అనుమానిస్తాం, అక్కడ కాలిక్యులేటర్ అక్కర్లేదు. మందు మొదలుపెట్టాక పనిచేస్తోందా లేదా తెలిసేదీ దాంతోనే. మీరన్న మూడు నెలల ఆలోచన రిస్కు తక్కువున్నవాళ్ళకి సబబే. ఎక్కువున్నవాళ్ళకి కాదు.

పాతచెట్టు:
అయితే మా తమ్ముడి సంగతి చెప్పండి. స్టెంట్ వేశారు, స్టాటిన్ వాడుతున్నాడు. టోటల్ 140, హెచ్‌డీఎల్ 32, ట్రైగ్లిజరైడ్స్ 220. రిపోర్టులో ఎల్‌డీఎల్ 64. 70 లోపే ఉందని సంబరపడ్డాం.

కుండబద్దలు:
140 − 32 = 108. ఆ 70కి జోడీగా నాన్-హెచ్‌డీఎల్ 100 లోపు ఉండాలి. ఎల్‌డీఎల్ తక్కువుండి ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువున్నచోటే ఫ్రీడ్‌వాల్డ్ అందరికంటే ఎక్కువ మోసం చేస్తుంది. ఆ 64ని నేనైతే నమ్మను. కార్డియాలజిస్టుకి ఈ 108 చూపించండి.

పల్స్_ఎండీ:
నిజమే, చూపించండి. ఇలాంటి చోటే అపో-బీ పరీక్ష అక్కరకొస్తుంది. రక్తనాళాల్లో పేరుకునే ఎల్‌డీఎల్, వీఎల్‌డీఎల్ లాంటి ఒక్కో కణానికి ఒక్కో అపో-బీ ఉంటుంది కాబట్టి కణాల లెక్కే తెలుస్తుంది. ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువున్నవాళ్ళకి, షుగర్, ఊబకాయం ఉన్నవాళ్ళకి ఇది చూడటం మంచిదని 2019 యూరోపియన్ గైడ్‌లైన్ కూడా అంటుంది.

కుండబద్దలు:
చేతిలో ఉన్న రిపోర్టులో ఒక తీసివేత చేస్తే వచ్చేదానికి ఇంకో సూది ఎందుకు సార్?

పల్స్_ఎండీ:
చాలామందికి అక్కర్లేదు. నాన్-హెచ్‌డీఎల్ ఒకటి, అపో-బీ ఇంకోటి చెప్పే మనుషులూ ఉన్నారు, వాళ్ళకి కావాలి.

గాలిపటం:
మూడో ల్యాబు మానుకున్నా. రిస్కు అంకె అడుగుతా, థైరాయిడ్ చేయిస్తా. మళ్ళీ కొలెస్ట్రాల్ చూడాల్సి వస్తే ఎలా ఇవ్వాలి?

స్లైడుబాబు:
ఈ రెండింట్లో ఒక ల్యాబునే పట్టుకోండి, పద్ధతి మారకుండా. ముందు కొన్ని రోజులు తాగుడు వద్దు. జ్వరం, ఇన్‌ఫెక్షన్ ఉంటే వాయిదా వేయండి, అప్పుడు కొలెస్ట్రాల్ దొంగగా తగ్గి కనిపిస్తుంది. వెళ్ళగానే చెయ్యి చాపకుండా కాసేపు కూర్చోండి, నిలబడి ఉన్నప్పుడు రక్తం కాస్త చిక్కబడి అంకెలు పెరుగుతాయి. రిపోర్టు వచ్చాక ఎల్‌డీఎల్ పక్కన డైరెక్ట్ అని ఉందో, లెక్కకట్టిందని ఉందో చూసి ఇక్కడ పెట్టండి.

మాత్రలొద్దు:
పార్టీ ఫొటోలు కూడా.