వృద్ధాశ్రమంలో గంటసేపు పాటలు: జాబితా ఎలా వేసుకోవాలి?

తంబురా తీగ (ప్రశ్న): అందరికీ నమస్కారం. మేం నలుగురం. ఒక గాయని, ఒక గాయకుడు, కీబోర్డు, తబలా. హైదరాబాద్ శివార్లలోని ఒక వృద్ధాశ్రమంలో వచ్చే నెల పాడమని అడిగారు. నలభై మంది దాకా ఉంటారు, 65 నుంచి 90 ఏళ్ల వరకు. పది మంది చక్రాల కుర్చీల్లో ఉంటారు, ఏడెనిమిది మందికి మతిమరుపు జబ్బు. సాయంత్రం 6 నుంచి 7 దాకా అనుకున్నాం. వేసుకున్న జాబితా ఇది: శివశంకరీ, నానాటి బతుకు నాటకము, ఘంటసాల భగవద్గీత నుంచి నాలుగు శ్లోకాలు, ఈ జీవన తరంగాలలో, అమ్మ మీద రెండు పాటలు, ఈ మధ్య హిట్లు మూడు, ఆఖర్న కరోకీ (గొంతు లేని సంగీతం ట్రాక్) పెట్టి వాళ్లచేత పాడించడం. ఏమైనా మార్చాలా?

పాత రేడియో: చాలా మార్చాలండీ. ముందుగా తీసేయాల్సినవి చెప్తాను.

భగవద్గీత మొదటిది. ఘంటసాల గొంతులో ఆ శ్లోకాలు మన ఊళ్లలో ఎక్కడ వినపడతాయో మీకు తెలుసు. వైకుంఠరథం మీద మైకులో. ఆ గొంతు, ఆ వరస అందుకోగానే సగం మంది మనసు అటే పోతుంది. ‘ఈ జీవన తరంగాలలో’ సినిమాలోనే అంతిమయాత్ర మీద తీసిన పాట. ‘నానాటి బతుకు’ పుట్టుకా చావూ రెండే నిజమని చెప్పే కీర్తన. మూడూ గొప్పవే, కానీ వరసగా పెడితే కార్యక్రమం సంతాపసభ అవుతుంది.

అమ్మ మీద పాటలు కూడా వద్దు. పిల్లలు పట్టించుకోలేదని జాలి చూపించే పాటలూ ఉపన్యాసాలూ వాళ్లకి బయటి నుంచి వచ్చిన ప్రతివాళ్లూ వినిపిస్తూనే ఉంటారు. అక్కడ ఉన్నవాళ్లలో తమ ఇష్టంతో చేరినవాళ్లూ ఉంటారు, అమెరికాలో ఉన్న కొడుకుతో రోజూ వీడియోలో మాట్లాడేవాళ్లూ ఉంటారు. మీరు పాట పాడటానికి వెళ్తున్నారు, తీర్పు చెప్పడానికి కాదు.

ఇక ఏవి పెట్టాలంటే, వయసు లెక్క వేయండి. మనిషికి పన్నెండు నుంచి పాతికేళ్ల మధ్య విన్న పాటలే గట్టిగా నిలుస్తాయి. 1945లో పుట్టినవారికి అది 1957 నుంచి 1970. అంటే మాయాబజార్ (1957) దగ్గర మొదలై అక్కినేని, ఎన్టీఆర్ జంట పాటల కాలం. 1957లో పుట్టినవారికి అది 1969 నుంచి 1982, వాళ్ల చెవిలో బాలు, శంకరాభరణం ఉంటాయి. వార్డెన్ని అడిగి ఎవరు ఏ దశకంలో పుట్టారో లెక్క తీసుకోండి, పేర్లు అక్కర్లేదు. ఎక్కువమంది 75 దాటినవాళ్లయితే మూడింట రెండొంతులు 1970కి ముందువి ఉండాలి. కొత్త హిట్లు మూడూ తీసేయండి. మర్యాదకి చప్పట్లు కొడతారు, అంతే.

భక్తి పాటలు గంటలో మూడుకి మించకూడదు. ఆశ్రమం అనగానే భజన అనుకుంటాం గానీ, వాళ్లకి భజన రోజూ ఉంటుంది. దొరకనిది ‘లాహిరి లాహిరి’ లాంటిది. అలాగే అక్కడ క్రైస్తవులు, ముస్లింలు ఎందరున్నారో ముందే కనుక్కోండి.

మూడో కట్టై: శివశంకరీ గురించి ఎవరూ అనలేదేమిటి! ఆ పాట ఒక పరీక్ష. దర్బారీ కానడ రాగంలో ఘంటసాల అంత బాగా పాడగలిగితే సరే, లేకపోతే అక్కడ కూర్చున్న ప్రతి పెద్దాయన మనసులో అసలు రికార్డు నడుస్తూ ఉంటుంది, మీరు వేసే సంగతులు (వరసలో మార్పులు) దాంతో పోల్చుకుంటూ ఉంటారు. పాడి తీరాలంటే ఒకటే పెట్టుకోండి, అదీ మూడో నాలుగో పాటగా, గొంతు వేడెక్కాక.

కరోకీ మాత్రం పూర్తిగా మానేయండి. ట్రాక్ ఎవరి కోసమూ ఆగదు. ఎనభై ఏళ్లావిడ పల్లవి రెండోసారి ఎత్తుకుంటుంది, ట్రాక్ చరణంలోకి వెళ్లిపోతుంది. ఆవిడ ఆగిపోయి, “నాకు రాదులే అమ్మా” అని మైకు తిరిగిచ్చేస్తుంది. ఇంక మళ్లీ తీసుకోదు. మీ దగ్గర కీబోర్డూ తబలా ఉన్నాయి కదా, వాళ్ల వెనకాల మీరే వెళ్లండి. తబలా ఆయనకి చెప్పాల్సింది ఒక్కటే: తాళం వాళ్లు తప్పినా మీరు సరిదిద్దకూడదు, తాళంలో ఒక మాత్ర (ఒక దెబ్బ) వదిలేసి మళ్లీ కలవాలి.

శ్రుతి సంగతి. వయసుతో పై స్వరాలు పోతాయి, ఆడవాళ్ల గొంతు కిందికి దిగుతుంది. సుశీల పాడిన శ్రుతిలో మీ గాయని పాడితే ఎవరూ కలవలేరు. వాళ్లచేత పాడించే పాటల్లో అన్నిటికంటే పై స్వరం కీబోర్డు మీద మధ్యలో ఉండే సీ మెట్టుకి ఒక స్థాయి (ఆక్టేవ్) పైన ఉన్న సీని దాటకుండా చూడండి. మగవాళ్లు అదే ఒక స్థాయి కింద అందుకుంటారు. మామూలుగా కీబోర్డులో శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ మైనస్ 3 నుంచి మైనస్ 5 దగ్గర కుదురుతుంది. ఒకటిన్నర స్థాయి పాకే పాటలు వినడానికే ఉంచండి.

లయ కొంచెం తగ్గించాలి, పదోవంతు చాలు. మరీ సాగదీస్తే ఊపిరి అందక వాక్యం మధ్యలో వదిలేస్తారు. అన్నట్టు, పల్లవి ముందు వచ్చే పొడుగు బీజీఎం కోసేయండి. నాలుగు మాత్రలు చాలు. ఎక్కడ ఎత్తుకోవాలో తెలియక జారిపోయేది అక్కడే.

తంబురా తీగ: చాలా థాంక్సండీ. మా దగ్గర పెద్ద స్పీకర్లు రెండున్నాయి, పదిహేను అంగుళాలవి. పెద్దవాళ్లకి వినపడదు కదా, సౌండ్ ఎక్కువ పెడదామనుకున్నాం.

వైరు చుట్ట: అవి బండిలోనే ఉంచండి. పెద్ద వయసులో పోయేది ముందుగా పై ఫ్రీక్వెన్సీలు. అంటే స, శ, త, ప లాంటి హల్లులు మసకబారతాయి, అచ్చులు వినపడుతూనే ఉంటాయి. సౌండ్ పెంచితే అచ్చులే పెరుగుతాయి, మాట తెలియదు. పైగా వినికిడి తగ్గిన చెవికి కాస్త పెద్ద శబ్దమే హఠాత్తుగా బాధ పెడుతుంది. ‘వినపడటం లేదు’ అన్నాయనే ఇంకాస్త పెంచగానే ‘చెవులు పోతున్నాయి’ అంటాడు, రెండూ నిజమే.

చేయాల్సినవి: ఎనిమిది అంగుళాల స్పీకర్ ఒకటి, స్టాండు మీద, కూర్చున్నవాళ్ల చెవి ఎత్తుకంటే కొంచెం పైన. మిక్సర్‌లో ఎకో, రివర్బ్ (గొంతుకి ప్రతిధ్వని చేర్చేవి) సున్నా. మన గాయకులకి ఇది నచ్చదు, అయినా సున్నానే. బాస్ తగ్గించండి, మధ్య ఫ్రీక్వెన్సీలు కొంచెం ఎత్తండి. టైల్స్ వేసిన హాలు గణగణలాడుతుంది, వెనక గోడకి రెండు దుప్పట్లు వేలాడదీస్తే తేడా వెంటనే తెలుస్తుంది. టీవీ ఆపించండి, చప్పుడు చేసే ఫ్యాన్లు కూడా. తాళాలు, డోలక్ వద్దు. హియరింగ్ ఎయిడ్ పెట్టుకున్నవాళ్లు స్పీకర్‌కి మరీ దగ్గర కూర్చోకూడదు.

సౌండ్ సరిపోయిందో లేదో చూడటానికి, మీలో ఒకరు పాడుతుండగా మరొకరు మధ్య వరసలో కూర్చుని పక్కవారితో మాట్లాడి చూడండి. గొంతు పెంచాల్సి వస్తే సౌండ్ ఎక్కువైనట్టే.

ఇంకోటి, కిటికీ వెనక పెట్టుకుని నిలబడొద్దు. మీ ముఖం నల్లగా కనిపిస్తుంది. వాళ్లు సగం మాటలు పెదాలు చూసి అందుకుంటారు. కుర్చీలు అర్ధచంద్రాకారంలో వేయించండి, చక్రాల కుర్చీలు వరస చివర్లలో ఉంటే మధ్యలో ఎవరైనా బాత్రూంకి వెళ్లాలన్నా దారి ఉంటుంది.

చందమామ: హైదరాబాద్ శివారు అన్నారు కాబట్టి ఒక మాట. అందరూ కోస్తా వాళ్లే అన్నట్టు జాబితాలు వేస్తుంటారు. తెలంగాణ పెద్దమ్మలుంటే ఒక బతుకమ్మ పాట ఎత్తుకోండి. ప్రతి పాదం చివర ‘ఉయ్యాలో’ అనడమే కాబట్టి కాగితం అక్కర్లేదు, గొంతు పెద్దగా లేకపోయినా కలుస్తారు. చప్పట్లు మాత్రం కూర్చునే కొట్టించండి, లేచి తిరగబోతే పడతారు. 85 దాటిన నగరం పెద్దలు కొందరు ఉర్దూ మీడియంలో చదివినవాళ్లు, వాళ్లకి హిందీ గాయకులు రఫీదో తలత్‌దో పాట ఒకటి పెట్టండి. కోస్తా పెద్దలకి నాటకం పద్యం ఒక్కటి చాలు, ‘జెండాపై కపిరాజు’ అందుకుంటే రాగం వాళ్లే పూర్తి చేస్తారు. హరిశ్చంద్ర కాటిసీను మాత్రం వద్దు.

నర్సింగ్ డ్యూటీ: మతిమరుపు ఉన్నవాళ్ల గురించి. సాయంత్రం 6 మంచి టైం కాదు. చీకటి పడేవేళ వాళ్లలో చాలామందికి గాభరా, విసుగు ఎక్కువవుతాయి. ఏడున్నరకి భోజనం, మందులు కూడా ఉంటాయి. పొద్దున 10:30కి, టిఫిను అరిగాక, స్నానాలయ్యాక పెట్టుకోండి. గంట కాదు, 45 నిమిషాలు.

“ఈ పాట గుర్తుందా? ఏ సినిమా?” అని అడగకండి. గుర్తు లేకపోతే చిన్నబుచ్చుకుంటారు. పేరు మీరే చెప్పేసి పాడండి. వాళ్లకి బాగా తెలిసిన పాట పల్లవి మూడు నాలుగు సార్లు తిప్పండి, మూడోసారికి పెదాలు కదులుతాయి. మాటలు రానివాళ్లు కూడా పాటలో మాటలు పలకడం చూస్తారు. మధ్యలో లేచి వెళ్లిపోతే వెళ్లనివ్వండి. ఏడిస్తే పాట ఆపొద్దు, అటెండరు పక్కన కూర్చుంటారు, తరవాతి పాట తేలికది అందుకోండి. ఎవరైనా దేవదాసు పాట అడిగితే పాడండి. అడిగినవారి దుఃఖం వాళ్లది, మనం మోపింది కాదు.

తంబురా తీగ: పొద్దున 10:30కి మార్చాం. కొత్త జాబితా చూడండి. 1. అదివో అల్లదివో, 2. లాహిరి లాహిరి, 3. మనసున మల్లెల, 4. శివశంకరీ, 5. ఏరువాక సాగారో, 6. ఆశ్రమంలో పాడేవాళ్లు ఇద్దరికి మైకు, 7. బతుకమ్మ పాట, 8. రఫీ పాట ఒకటి, 9. జెండాపై కపిరాజు, 10. పలుకే బంగారమాయెనా, 11. మంగళం. పాటలన్నీ ప్రింటు తీసి పంచుదామా?

మూడో కట్టై: బాగుంది. శివశంకరీ తరవాత వెంటనే ఏరువాక పెట్టడం మంచి పని. ‘పలుకే బంగారమాయెనా’ దేవుడు పలకడం లేదనే మొర, ఆనందభైరవి నిదానంగా సాగుతుంది. చివరికి అది వద్దు, నాలుగో పాటకి ముందు వేసుకోండి. పదో చోట ‘తక్కువేమి మనకు’ పెట్టండి, మాటలు అందరికీ నోటికి వస్తాయి.

కాగితాలు అన్ని పాటలకీ వద్దు. తలలు దించుకుని కాగితం వెతుక్కుంటూ కూర్చుంటారు. మూడు పాటలు, ఒక్కో పేజీకి ఒక్కో పల్లవి, ఒక చరణం. అక్షరం 24 పాయింట్లు, మెరవని కాగితం, ఒకవైపే ప్రింటు. పిన్ను కొట్టకండి.

పాత రేడియో: ఆరో నంబరు కోసం ముందురోజే వార్డెన్ ద్వారా పేర్లు, పాటలు, శ్రుతి తెలుసుకోండి. అప్పటికప్పుడు “ఎవరైనా పాడతారా?” అంటే ఎప్పుడూ పాడే ఒక్కాయనే లేస్తాడు, నాలుగు పాటలు పాడి గానీ కూర్చోడు. ఆయనకీ ఒకటి ఇవ్వండి, కానీ రెండోది ఎప్పుడూ అడగని మనిషికి.

వైరు చుట్ట: ఫేస్‌బుక్ లైవ్ పెట్టకండి. పాత పాటల హక్కులున్న కంపెనీలు సౌండ్ మ్యూట్ చేయిస్తాయి, అదలా ఉంచి, తాము ఆశ్రమంలో ఉన్నట్టు బంధువులకి తెలియడం ఇష్టంలేనివాళ్లు ఉంటారు. ఫొటో కావాలంటే మీ నలుగురిదీ తీసుకోండి.