కణితుల్లో పీ53 పేరుకుపోవడానికి జన్యువులో మార్పు ఒక్కటే చాలుతుందా?

కణజీవశాస్త్ర పరిశోధక విద్యార్థి:
పాఠ్యపుస్తకాల్లో ఏళ్లుగా కనిపిస్తున్న ఒక వివరణ సరిపోదని నా అభిప్రాయం. పీ53 అంటే దెబ్బతిన్న కణాన్ని ఆపి లేదా చంపి క్యాన్సర్ రాకుండా కాపాడే ప్రొటీన్. ఆరోగ్యంగా ఉన్న కణంలో అది ఎక్కువసేపు నిలవదు. దాని అర్ధాయువు, అంటే సగం నశించడానికి పట్టే సమయం, సుమారు 20 నిమిషాలే. ఎండీఎం2 అనే ఎంజైమ్ దానికి యుబిక్విటిన్ అనే గుర్తును తగిలిస్తే, కణంలో ప్రొటీన్లను నాశనం చేసే ప్రోటియాజోమ్ దాన్ని ముక్కలు చేస్తుంది. ఆ ఎండీఎం2 జన్యువును ఉత్తేజపరిచేది కూడా పీ53యే కాబట్టి, పీ53 పెరిగినప్పుడల్లా దాన్ని అణిచే ఎంజైమ్ కూడా పెరుగుతుంది. మ్యుటేషన్ (జన్యువులో మార్పు) వల్ల పీ53 డీఎన్ఏను పట్టుకోలేకపోతే ఎండీఎం2 తయారీ తగ్గుతుందని, అందుకే కణితుల్లో పీ53 కుప్పపడుతుందని ఆ పుస్తకాలు చెబుతాయి.

ఇదే నిజమైతే, పుట్టుకతోనే రెండు జన్యు ప్రతుల్లోనూ మ్యుటేషన్ ఉన్న ఎలుకకు ఒళ్లంతా పీ53 పేరుకుపోవాలి. క్యాన్సర్ జన్యుశాస్త్రవేత్త గిల్లెర్మీనా లొజానో బృందం 2008లో ప్రచురించిన పరిశోధనలో అలా జరగలేదు. మనుషుల్లో పీ53 175వ అమైనో ఆమ్లాన్ని మార్చే మ్యుటేషన్ ఆర్175హెచ్‌కు సమానమైన మార్పు ఉన్న ఆ ఎలుకల సాధారణ కణజాలాల్లో పీ53 దాదాపు కనిపించలేదు, కణితుల్లో కనిపించింది, అదీ అన్ని కణితుల్లో కాదు. ఎండీఎం2ను కూడా తొలగించాక మాత్రం సాధారణ కణజాలాల్లోనూ అది పెరిగింది. అంటే మారిన పీ53ను సైతం ఎండీఎం2 నాశనం చేస్తూనే ఉంది. ఎండీఎం2 జన్యువుకు పీ53తో పనిలేని మరో ప్రమోటర్ (జన్యువును పనిచేయించే భాగం) ఉందన్న సంగతి కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి.

పాథాలజిస్టు:
ఎలుకల విషయంలో మీరు చెప్పినది సరే, కానీ మానవ కణజాలం మరో మాట చెబుతోంది. ఫలోపియన్ నాళపు చివర నుంచి తీసిన స్లైడుకు పీ53 ఉన్నచోట గోధుమ రంగు తెచ్చే స్టెయిన్ వేసి చూస్తే, పొర మొత్తం నీలంగా ఉండగా ఒకచోట మాత్రం పది పన్నెండు కణాల కేంద్రకాలు వరుసగా ముదురు గోధుమ రంగులో కనిపిస్తాయి. వాటి ఆకారంలో తేడా ఉండదు, విభజన వేగం పెరగదు, క్యాన్సర్ అనడానికి ఏ ఆధారమూ ఉండదు. అయినా చాలాసార్లు ఆ వరుసలో పీ53 మ్యుటేషన్ దొరుకుతుంది. ఎండ తగిలే చర్మంలోనూ ఇలాంటి మచ్చలు ఉంటాయి. కణితే లేనిచోట ప్రొటీన్ పేరుకుపోతున్నప్పుడు, మ్యుటేషన్ ఒక్కటీ చాలదని ఎలా అనగలం?

కణజీవశాస్త్ర పరిశోధక విద్యార్థి:
మీరు చూపిన రెండు చోట్లూ డీఎన్ఏ దెబ్బతినే చోట్లే అన్నది గమనించాలి. చర్మం మీద అతినీలలోహిత కిరణాలు పడుతున్నాయి. ఫలోపియన్ నాళంలోని ఆ వరుసల్లో గామా హెచ్2ఏఎక్స్ అనే డీఎన్ఏ గాయపు గుర్తును 2007 నాటికే చూపించారు. మ్యుటేషన్ ఉన్న ఎలుకలకు రేడియేషన్ ఇచ్చినప్పుడు కూడా సాధారణ కణజాలాల్లో పీ53 పెరిగింది. మామూలు పీ53ను ఎండీఎం2 నుంచి తప్పించే సంకేతాలే, అంటే ఏటీఎం, సీహెచ్‌కే2 వంటి కైనేజులు (డీఎన్ఏ గాయాన్ని తెలియజేసే ఎంజైములు) పంపేవే, మారిన పీ53నూ తప్పిస్తున్నాయని నేను అనుకుంటున్నాను. మామూలు పీ53 అయితే ఆ తర్వాత కణాన్ని ఆపుతుంది లేదా చంపుతుంది. మారినది ఏమీ చేయలేక అలాగే మిగిలిపోతుంది.

ప్రొటీన్ రసాయన పరిశోధకురాలు:
ఇద్దరూ మ్యుటేషన్లన్నిటినీ ఒకే గాటన కడుతున్నారు. ఆర్175హెచ్ వల్ల ప్రొటీన్ మడత చెదురుతుంది. అలాంటి రూపాన్ని హెచ్ఎస్‌పీ90 అనే సహాయక ప్రొటీన్ అంటిపెట్టుకుని ఉండి, ఎండీఎం2 పని సాగనివ్వదు. ఆర్273హెచ్ అనే మరో మ్యుటేషన్‌లో మడత చాలావరకు చెక్కుచెదరకపోయినా, డీఎన్ఏను తాకే చోటు పోతుంది. రెండూ కణితుల్లో పేరుకుంటాయి గానీ, రెండింటికీ ఒకే కారణం ఉండి తీరాలని లేదు.

చికిత్స దృష్ట్యా కూడా ఈ ప్రశ్న చిన్నది కాదు. 2004లో వెలువడిన నట్లిన్లు అనే మందులు, ఆ తర్వాత వచ్చిన అదే కోవ మందులు, ఎండీఎం2లో పీ53 కూర్చునే గుంటను ఆక్రమిస్తాయి. పీ53 మామూలుగానే ఉండి ఎండీఎం2 ప్రతులు విపరీతంగా పెరిగిన లైపోసార్కోమా (కొవ్వు కణజాలపు క్యాన్సర్) వంటి కణితులు వాటి లక్ష్యం. అదే కణితిలో మ్యుటేషన్ ఉన్న కణాలు కొన్ని కలిసి ఉంటే, పరిశోధక విద్యార్థి మొదట చెప్పిన ఎలుక ప్రయోగం ప్రకారం, ఆ మందు మారిన పీ53ను పోగుచేసే ప్రమాదం ఉంది.

పాథాలజిస్టు:
డీఎన్ఏ గాయం గురించిన వాదన బలంగానే ఉంది. అయితే పోగుపడిన పీ53 హాని చేస్తుందన్నది ఇంకా తేలలేదు. 2004లో వచ్చిన రెండు ఎలుక అధ్యయనాలు మారిన పీ53కు కొత్త శక్తులు వస్తాయని సూచించాయి. 2019లో రక్త క్యాన్సర్ కణాలపై జరిగిన పరిశోధన మాత్రం, అది మామూలు పీ53తో జతకట్టి దాన్ని పనికిరాకుండా చేయడమే తప్ప కొత్తగా చేసేదేమీ లేదని చూపింది. ఈ రెండో మాటే నిజమైతే, మామూలు ప్రతి ఇప్పటికే పోయిన కణంలో ప్రొటీన్ ఎంత పేరుకున్నా కొత్త నష్టం ఉండదు. కాబట్టి మందు గురించి మాట్లాడేముందు ఆ కణంలో రెండో ప్రతి మిగిలి ఉందా లేదా అన్నది చూడాలని నా వాదన.