పాత అద్దెవాళ్ళు వాడిన కరెంటుకి ట్రూఅప్ మన నెత్తిన వేస్తే కట్టాలా, ఆపాలా?

సత్యనారాయణపురం_కొత్తకాపురం:
అందరికీ నమస్కారం. బెజవాడ సత్యనారాయణపురంలో డబుల్ బెడ్రూం వాటాలో ఉంటున్నాం, 2024 జూన్‌లో దిగాం. ఈ నెల కరెంటు బిల్లు 870 వచ్చింది. చలికాలం, ఏసీ ముట్టుకోనే లేదు, యూనిట్లు 140. కూర్చుని లెక్కేస్తే వాడిన యూనిట్లకి పడింది 507 మాత్రమే. ఇంధన సర్దుబాటు (ట్రూఅప్ అంటే ఇదేనట) అని రెండు మూడు లైన్లున్నాయి, అవి కలిపితే 290 దాకా వస్తోంది, మిగతాది ఫిక్స్‌డ్, కస్టమర్ చార్జీలు, సుంకం లాంటి చిల్లర. ఆ సర్దుబాటు ఏంటని ఆఫీసులో అడిగితే "2022, 2023ల్లో ఈ సర్వీసు మీద వాడిన యూనిట్లకమ్మా" అన్నారు. అప్పుడు మేం ఈ ఇంట్లోనే లేం కదండీ! అప్పుడున్న వాళ్ళకి రెండు ఏసీలట, పక్కింటావిడ చెప్పింది. ఓనర్ గారేమో మీటర్‌కి వచ్చిన బిల్లు అద్దెకున్నవాళ్ళే కట్టుకోవాలి కదమ్మా అంటారు. మావారు పోనీలే కట్టేద్దాం అంటున్నారు గానీ నాకు ఒప్పట్లేదు. ఇది న్యాయమేనా? ఆ 290 ఆపేసి మిగతాది కడితే ఏమవుతుంది?

పటమట_పిల్లోడు:
అస్సలు కట్టొద్దు అక్కా. హోటల్లో మన టేబుల్ మీద ఇంతకుముందు కూర్చున్నోడు తిన్న బిర్యానీకి మనల్ని డబ్బులడిగితే ఇస్తామా? పైగా రెండేళ్ళు దాటిన బాకీ వసూలు చేయకూడదని కరెంటు చట్టంలోనే ఉంది, సెక్షన్ 56. అందరూ ఒక నెల ఆపితే వాళ్ళే దిగొస్తారు, మనోళ్ళు మరీ మెతక.

బ్రాడీపేట_బాబాయ్:
పిల్లోడా, ఆవేశం బానే ఉంది గానీ ఫ్యూజ్ పీకితే చీకట్లో కూర్చునేది ఆ అమ్మాయి, నువ్వు కాదు. నేనూ కట్టొద్దనే బ్యాచ్‌లోంచే వచ్చానులే, 2000లో కరెంటు చార్జీలు పెంచినప్పుడు గుంటూరులో మేమూ రోడ్డెక్కాం, ఆ ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో కాల్పుల్లో ముగ్గురు పోయారు. ఆ తర్వాత ఏ గవర్నమెంటుకైనా రేటు పెంచాలంటే భయం పట్టుకుంది. అందుకేనేమో ఇప్పుడు పెంచామని ఎవరూ అనరు, "రేట్లు పెంచలేదు" అని పేపర్లో వేస్తారు, బిల్లులో మాత్రం కొత్త లైను కనపడుతుంది. నాకు మండేది అక్కడ. పెంచితే పెంచామని చెప్పండి, మేం తిట్టుకుంటాం, అయిపోతుంది.

కరెంటోడు_రిటైర్డ్:
డిపార్టుమెంటులో పనిచేసి రిటైరైనవాణ్ణి, తిట్లు అలవాటే, కాస్త లెక్క చెప్తాను వినండి. ఇంటి రేట్లు 2022 ఏప్రిల్ నుంచి ఇవే. మొదటి 30 యూనిట్లు 1.90, తర్వాత 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. అమ్మాయి చెప్పిన 507 కరెక్టే. ఇక ఆ సర్దుబాటు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక బొగ్గు రేటు ఎక్కడికో పోయింది, విదేశీ బొగ్గు కలపమని కేంద్రం చెప్పింది, కరెంటు కొనే ఎక్స్ఛేంజిలో యూనిట్ 20 రూపాయల సీలింగ్‌కి తగులుతుంటే ఏప్రిల్‌లో దాన్ని 12కి దించారు. ఆ నెలలోనే మన రాష్ట్రంలో ఫ్యాక్టరీలకి పవర్ హాలిడే ఇచ్చారు, గుర్తుందా? ఇళ్ళకి ఇవ్వడానికి అంత రేటు పెట్టి కొన్నారు, మీ దగ్గర పాత రేటే తీసుకున్నారు. ఆ తేడానే ఇప్పుడు అడుగుతున్నారు. 2022-23కి 6,072 కోట్లు, 2023-24కి 9,412 కోట్లు ఈఆర్‌సీ, అంటే కరెంటు రేట్లు తేల్చే రెగ్యులేటరీ కమిషన్, ఓకే చేసింది, 2024 డిసెంబరు బిల్లు నుంచి మొదలైంది. మొదటిది 15 నెలలు, రెండోది 24 నెలలు. ఇవి కాక 2023 ఏప్రిల్ నుంచి ప్రతి నెలా యూనిట్‌కి 40 పైసలు అప్పటికప్పుడే తీసుకుంటున్నారు, ఇలా పాత బాకీ పేరుకోకుండా. అది మాత్రం ఇప్పుడు మీరు వాడిన యూనిట్లకే, 140కి 56 రూపాయలు. కాబట్టి అమ్మాయి గొడవ 290 మీద కాదు, అందులో 56 తీసేసి మిగతా 230 మీద.

పటమట_పిల్లోడు:
అంత రేటు పెట్టి కొన్నది ఎవరు సార్, మేమా? ముందు చూపు లేకుండా అవసరం మీదపడ్డాక ఎక్స్ఛేంజికి పరిగెత్తింది వాళ్ళు, బిల్లు మాకా?

భవానీపురం_శ్రీను:
మాకు ఇబ్రహీంపట్నం థర్మల్ బూడిద ఫ్రీ, కరెంటుకి మాత్రం సర్దుబాటు 😀 గాలి ఇటు తిరిగితే డాబా మీద బట్టలు ఆరేయలేం, దానికి కూడా ఏదైనా ట్రూఅప్ ఇప్పిస్తే బాగుండు. సరే జోకులు పక్కనపెడితే, ఇదంతా పాత గవర్నమెంటు చేసిన పాపం కదా, కొన్నది వాళ్ళు.

పటమట_పిల్లోడు:
వసూలు మొదలైంది ఈ గవర్నమెంట్‌లో కదా మరి? అధికారంలో లేనప్పుడు ఒక మాట, వచ్చాక ఇంకో మాట. ఇద్దరూ ఇద్దరే.

అడ్మిన్:
పార్టీల గొడవ ఇక్కడితో ఆపండి, ఇంకో నాలుగు కామెంట్లు తీసేశాను. బిల్లు గురించి మాట్లాడండి.

గవర్నర్‌పేట_వకీలు:
పటమట తమ్ముడు చెప్పిన సెక్షన్ ఉన్నమాట నిజం, చదివిన తీరు తప్పు. 56(2) ప్రకారం బాకీ "మొదట చెల్లించాల్సి వచ్చిన" తేదీ నుంచి రెండేళ్ళు లెక్కపెట్టాలి, కరెంటు వాడిన తేదీ నుంచి కాదు. బిల్లు ఇచ్చాకే బాకీ మొదలవుతుందని 2020లో సుప్రీంకోర్టు రాజస్థాన్ కేసులో చెప్పింది. ట్రూఅప్ బిల్లులోకి వచ్చిందే 2024 డిసెంబరులో, కాబట్టి ఆ పాయింటు పట్టుకుని వెళ్తే నిలబడదు. సొంతంగా ఆపడం కూడా వద్దు. 15 రోజుల రాతపూర్వక నోటీసిచ్చి కనెక్షన్ తీసేసే హక్కు వాళ్ళకుంది. అయితే అదే సెక్షన్ మొదటి భాగంలో ఎవరూ చదవని ఒక మాట ఉంది. వివాదం ఉంటే నిరసన తెలుపుతూ, వాళ్ళు అడిగిన మొత్తం గానీ, గత ఆరు నెలల సగటు గానీ, ఏది తక్కువైతే అది డిపాజిట్ చేస్తే వివాదం తేలేదాకా సప్లై ఆపకూడదు. ఉన్నట్టుండి బిల్లు మూడింతలు వచ్చినవాళ్ళకి ఇది బ్రహ్మాండంగా పనికొస్తుంది. ఈ అమ్మాయి విషయంలో సగటులోనూ ట్రూఅప్ కలిసే ఉంది కాబట్టి పెద్దగా కలిసిరాదు, అది వేరే సంగతి.

సత్యనారాయణపురం_కొత్తకాపురం:
అయితే కంప్లయింట్ ఎక్కడివ్వాలి సార్? 1912 హెల్ప్‌లైన్‌కి చేస్తే కంప్లయింట్ నంబరిచ్చారు, తర్వాత మెసేజ్‌లో పరిష్కరించబడింది అని వచ్చింది, ఏం పరిష్కరించారో నాకైతే తెలీదు.

గవర్నర్‌పేట_వకీలు:
మీటర్ పరుగెత్తుతోంది, రీడింగ్ తప్పు, వేరేవాళ్ళ యూనిట్లు పడ్డాయి ఇలాంటివైతే వినియోగదారుల ఫోరం ఉంది, సీజీఆర్ఎఫ్ అంటారు, అక్కడ నచ్చకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్. లాయర్ అక్కర్లేదు, తెల్లకాగితం మీద రాసిచ్చినా చాలు (మా పొట్ట కొడుతున్నానని మావాళ్ళు తిట్టుకుంటారేమో). కానీ ట్రూఅప్ ఈఆర్‌సీ ఆర్డరు, దాన్ని ఫోరం మార్చలేదు. ఆ పోరాటం ఈఆర్‌సీ బహిరంగ విచారణలో చెయ్యాలి. ఏటా డిస్కంలు (కరెంటు పంపిణీ కంపెనీలు) లెక్కలు వేసినప్పుడు అభ్యంతరాలు పిలుస్తారు, మామూలు మనిషి కూడా రాసి పంపొచ్చు, వెళ్ళి మాట్లాడొచ్చు. ఎప్పుడు చూసినా అక్కడ పరిశ్రమల వాళ్ళు, రైతు సంఘాలు, కమ్యూనిస్టు పార్టీల వాళ్ళు తప్ప అపార్టుమెంటు వాళ్ళు కనపడరు. "పాత యూనిట్ల మీద లెక్కేయడం వల్ల అద్దెవాళ్ళు వేరేవాళ్ళ బాకీ కడుతున్నారు" అన్న మాట అక్కడ రికార్డులోకి ఎక్కాలి.

లక్ష్మీపురం_లక్ష్మి:
నేను గుంటూరులో ఓనర్ని, రెండు వాటాలు అద్దెకిచ్చాను. అందరూ ఓనర్ని విలన్‌ని చేస్తున్నారు గానీ మా వైపు కూడా చూడండి. 2023లో ఉన్నవాళ్ళు ఖాళీ చేసి హైదరాబాదు వెళ్ళిపోయారు, అడ్వాన్సు ఆ రోజే లెక్కచూసి ఇచ్చేశాను, అప్పటికి బాకీ అంటూ ఏమీ లేదు. ఇప్పుడు ఫోన్ చేసి మీరు వాడిన కరెంటుకి ఇంకో మూడు వేలివ్వండి అంటే నవ్వుతారు. నా జేబులోంచి ఎందుకు కట్టాలి? కరెంటు నేనూ వాడలేదుగా.

సత్యనారాయణపురం_కొత్తకాపురం:
మీరూ వాడలేదు, మేమూ వాడలేదు, నిజమే మేడం. కానీ సర్వీసు మీ పేరుమీదుంది, అద్దె మీకొచ్చింది, ఆ వాడినవాళ్ళు ఎవరో మీకు తెలుసు. మాకైతే వాళ్ళ పేరు కూడా తెలీదు. ముగ్గురిలో దీనికి ఏ సంబంధం లేనిది మేమే, కడుతున్నది మేమే.

కరెంటోడు_రిటైర్డ్:
ఆఫీసుకి మనుషులు కనపడరమ్మా, సర్వీసు నంబరే కనపడుతుంది. ఎవరు ఎప్పుడు దిగారో ఎవరు ఖాళీ చేశారో వాళ్ళ దగ్గర ఉండదు. అది మీకూ ఓనర్‌కీ మధ్య తేల్చుకోవాల్సిందే. ఇంకో మాట, ఇప్పుడు ఇది తిరగబడింది కూడా. 2024-25లో వసూలు చేసిన 40 పైసలు ఎక్కువైందని 923 కోట్లు వెనక్కివ్వమని ఈఆర్‌సీ చెప్పింది, 2025 నవంబరు నుంచి ఏడాదిపాటు యూనిట్‌కి 13 పైసలు తగ్గుతుంది.

పటమట_పిల్లోడు:
తీసుకునేటప్పుడు వందలు, ఇచ్చేటప్పుడు 13 పైసలు. 140 యూనిట్లకి 18 రూపాయలు, మిర్చి బజ్జీలు కూడా రావు.

లక్ష్మీపురం_లక్ష్మి:
మరి ఆ తగ్గింపు కూడా పాతవాళ్ళకి పంపిస్తావా తమ్ముడూ? వచ్చినప్పుడు ఇప్పుడున్నవాళ్ళకే, పోయినప్పుడు మాత్రం ఓనర్‌కా?

గవర్నర్‌పేట_వకీలు:
మేడం వేసిన ప్రశ్న మంచిదే, కానీ 18 రూపాయలకీ 230కీ తూకం కుదరదండి. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. అగ్రిమెంటులో "వాడిన కరెంటుకి చార్జీలు అద్దెదారు కట్టాలి" అని ఉంటే, దిగకముందు వాడకం మీద పడే ట్రూఅప్ అందులోకి రాదు. అది ఓనర్‌దే. ఓనర్ పాతవాళ్ళ దగ్గర రాబట్టుకుంటారా లేదా అన్నది వాళ్ళ ఇష్టం. అగ్రిమెంటులో "సర్వీసుకు వచ్చే బిల్లు మొత్తం" అని రాసుంటే మాత్రం అమ్మాయి కేసు పలచబడుతుంది. ముందు కాగితం తీసి చూడండమ్మా.

అజిత్‌సింగ్‌నగర్_సబ్‌మీటర్:
మీకు కనీసం బిల్లన్నా కనపడుతోంది. మా ఓనర్ సబ్ మీటర్ పెట్టి యూనిట్ పది రూపాయలు ఫ్లాట్, అడిగితే ట్రూఅప్ అంటాడు. మూడు వాటాలు కలిపి ఒకటే మెయిన్ మీటర్ కాబట్టి అందరివీ కలిసి 400 దాటిపోతాయి, శ్లాబు పైకి పోతుంది. నేను విడిగా వాడేది వంద లోపే, సొంత మీటరుంటే ఎనర్జీ చార్జీ యూనిట్‌కి మూడు రూపాయల దగ్గరే ఆగుతుంది. మెయిన్ బిల్లు చూపించమంటే ఇల్లు ఖాళీ చేయమన్నాడు. నేను ఎవరితో కొట్లాడాలి?

కరెంటోడు_రిటైర్డ్:
శ్లాబు దెబ్బ మామూలుది కాదు. 225 యూనిట్లకి ఎనర్జీ చార్జీ 1,017 రూపాయలు, అదే 400కి 2,548. యూనిట్లు రెట్టింపు కూడా కాలేదు, డబ్బు రెండున్నర రెట్లు. వాటావాటాకీ విడి సర్వీసు పెట్టించుకోవడమే దారి, దానికి ఓనర్ సంతకం కావాలి, అక్కడే ఆగుతుంది ఎవరికైనా.

బ్రాడీపేట_బాబాయ్:
మా వీధిలో ఒక ఓనర్ మంచి పని చేశాడు, బిల్లు కట్టి రసీదు చూపిస్తే పాత యూనిట్ల సర్దుబాటు వరకు అద్దెలో తగ్గించుకుంటున్నాడు. పాతవాళ్ళ దగ్గర అడిగాడో లేదో నాకు తెలీదు. ఆయన నాకు ఎప్పుడూ పెద్దగా నచ్చలేదు, చందా అడిగితే ఇంట్లో లేనని చెప్పించే రకం, కానీ ఈ విషయంలో మాత్రం మెచ్చుకోవాలి.

సత్యనారాయణపురం_కొత్తకాపురం:
అగ్రిమెంటు తీశాను. "వినియోగించిన విద్యుత్తుకు అయ్యే చార్జీలు" అని ఉంది, బిల్లు మొత్తం అని లేదు. బిల్లు ఈ రాత్రికి యాప్‌లో కట్టేస్తున్నాం, ఆ 230 మాత్రం వచ్చే నెల అద్దెలో తగ్గించుకుంటామని ఓనర్ గారికి బిల్లు, అగ్రిమెంటు ఫొటోలతో వాట్సాప్ పెట్టాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు. ఆ విచారణకి అభ్యంతరం ఎలా రాయాలో వకీలు గారు ఒక నమూనా పెడితే మా అపార్టుమెంటులో ఇంకో నలుగురు సంతకం పెడతామంటున్నారు.

గవర్నర్‌పేట_వకీలు:
ఆదివారం రాసి పెడతాను. సర్వీసు నంబర్లు, మీరు దిగిన తేదీలు, పాత యూనిట్ల మీద పడిన మొత్తం ఇవి ఒక కాగితం మీద సిద్ధం చేసుకోండి, కథలు వద్దు.

నల్లపాడు_నాని:
మధ్యలో దూరినందుకు సారీ, నాకు బిల్లులో ఏసీడీ అని 1,800 వేశారు, అది కూడా ఈ ట్రూఅప్పేనా?

కరెంటోడు_రిటైర్డ్:
కాదు బాబూ. వాడకం పెరిగిందని అదనంగా అడిగే డిపాజిట్ అది, మీ పేరుమీదే ఉంటుంది, దానిమీద వడ్డీ కూడా ఇవ్వాలి. ఇల్లు సొంతమా అద్దెదా? అద్దెదైతే అది ఓనర్ ఖాతాలో జమవుతుంది, తొందరపడి కట్టేయకండి, ముందు ఆయన్ని అడగండి. వివరాలతో వేరే థ్రెడ్ పెట్టండి, అక్కడ చెప్తాను.