అమ్మాయి జర్మనీ పోతోంది: ల్యాప్‌టాప్ ఇక్కడ కొనాలా, అక్కడా? ఇంట్లో వైఫై సంగతి కూడా చెప్పండి

తిరుచానూరు నాయన:

అందరికీ నమస్కారం. ఆర్టీసీ గ్యారేజీలో పనిచేసి రిటైరయ్యాను. ఇల్లు తిరుచానూరు రోడ్డులో. పెద్దమ్మాయికి జర్మనీలో చెమ్నిట్జ్ యూనివర్సిటీలో సీటు వచ్చింది, ఆటోమోటివ్ సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్. సెప్టెంబరు ఆఖర్లో చెన్నై నుంచి ఫ్లైటు. ఊరగాయలు, పొడుల లెక్క వాళ్ళమ్మ చూసుకుంటోంది. ల్యాప్‌టాప్ పని నా నెత్తిన పడింది.

టౌన్లో ఒక షాపుకు పోతే అక్కడి కుర్రాడు "ఎమ్మెస్‌కా సార్" అని ఎర్ర లైట్లు వెలిగే గేమింగ్ ల్యాప్‌టాప్ తెచ్చి చేతిలో పెట్టాడు. రెండున్నర కిలోలు. దాని చార్జరు చూస్తే ఇటుకరాయే. ధర లక్షా పదివేలు. "జర్మనీలో వారంటీ ఉంటుందా?" అని అడిగితే "ఇంటర్నేషనల్ బ్రాండే కదా సార్" అన్నాడు. నేనడిగింది అది కాదు. మా బడ్జెట్ ఎనభై వేలు. ఇక్కడ కొనివ్వాలా, డబ్బులిచ్చి అక్కడ కొనుక్కోమనాలా? మన కరెంటుకు చేసిన చార్జరు అక్కడ పనిచేస్తుందా?

రెండోది ఇంట్లో వైఫై. మేడమీద రెండు పోర్షన్లు అద్దెకిచ్చాం, ఒకదాంట్లో కాలేజీ పిల్లలున్నారు. అడిగితే పాస్‌వర్డ్ ఇచ్చాను, కాదనలేం కదా. ఆ పాస్‌వర్డ్ నా ఫోన్ నంబరే, కనెక్షన్ ఇచ్చిన అబ్బాయి అట్లా పెట్టి పోయాడు. రాత్రి ఎనిమిది దాటితే టీవీలో బొమ్మ ఆగి చక్రం తిరుగుతా ఉంటుంది. ఫోన్ చేస్తే "పెద్ద ప్లాన్ తీసుకోండి అంకుల్" అంటాడు. గేటు దగ్గర కెమెరా కూడా ఈ వైఫై మీదే నడుస్తోంది. రేపు అమ్మాయితో వీడియో కాల్ మాట్లాడాలన్నా ఇదే నెట్టు. ఇన్నాళ్ళూ ఇవన్నీ అమ్మాయే చూసుకునేది. అది వెళ్ళేలోగా నేను నేర్చుకోవాలి. ఇంజను విప్పి బిగించిన చేతులే, చెప్తే చేస్తాను. తెలుగులో చెప్పండి చాలు.

చిత్తూరు టు స్టుట్‌గార్ట్:

చిన్నాయనా, ముందు కరెంటు గురించి టెన్షన్ వదిలేయండి. జర్మనీలోనూ మనలాగే 230 వోల్టులు, 50 హెర్ట్జే. పైగా ఏ ల్యాప్‌టాప్ చార్జరు మీదైనా చిన్న అక్షరాల్లో "ఇన్‌పుట్ 100-240" అని ఉంటుంది, చూసుకోండి. తేడా అంతా గోడకు పెట్టే ప్లగ్గులోనే. మన మూడు పిన్నులది ఇక్కడ దూరదు. చార్జరు డబ్బా నుంచి గోడకు వెళ్ళే తీగ ఊడి వస్తుంది కాబట్టి, ఆ తీగ ఒక్కటి ఇక్కడ కొనుక్కుంటే సరి. మొదటి రెండు రోజులకు ఒక ట్రావెల్ అడాప్టర్ పెట్టి పంపండి.

యూఎస్‌బీ-సీతో చార్జయ్యే మోడల్ తీసుకోండి. యూరప్‌లో అమ్మే కొత్త ల్యాప్‌టాప్‌లకు 2026 ఏప్రిల్ 28 నుంచి అదే రూలు. రేపు చార్జరు పోయినా ఫ్రెండ్ దగ్గర అడిగి పెట్టుకోవచ్చు.

ఇక ఇక్కడా అక్కడా అన్నదానికి నా సమాధానం: అక్కడే కొనివ్వండి, తిరుపతిలోనో చెన్నైలోనో. ఎందుకంటే కీబోర్డు. జర్మన్ కీబోర్డులో వై ఉండాల్సిన చోట జడ్ ఉంటుంది, జడ్ చోట వై. దానికి నాలుగు రోజుల్లో అలవాటు పడొచ్చు. కోడ్ రాసేవాళ్ళకు నరకం వేరే ఉంది. ప్రోగ్రామ్‌లో ప్రతి పది సెకన్లకూ కావలసిన మీసాల బ్రాకెట్టు కోసం కుడివైపు ఆల్ట్ నొక్కిపట్టి 7 కొట్టాలి, మూసేదానికి 0. చదరపు బ్రాకెట్లకు 8, 9. ఈమెయిల్లో పెట్టే అట్ గుర్తుకు క్యూ. మా ఆఫీసులో నా మెషిన్ అదే. బొటనవేలు లాగేస్తుంది. ఇక్కడ షాపుల్లో అమెరికన్ కీబోర్డు ఉన్నది దొరకాలంటే వెతుక్కోవాలి. మన దగ్గర మామూలుగా వచ్చేదే అది.

రెండో కారణం, దిగిన మొదటి వారం. టౌన్ హాల్లో అడ్రస్ రిజిస్ట్రేషన్, బ్యాంకు అకౌంట్, ఇన్సూరెన్స్, కోర్సుల ఎన్‌రోల్‌మెంట్, వీటిలో సగం ఆన్‌లైన్లోనే. ఫోన్‌లో ఆ ఫారాలు నింపుతుంటే ఏడుపొస్తుంది.

వారంటీ మాత్రం షాపువాడి మాట మీద వదిలేయొద్దు. కంపెనీ పేరు ఒకటే అయినా మోడల్‌ను బట్టి మారుతుంది. ఇళ్ళలో వాడే చౌక మోడళ్ళలో చాలావాటికి ఇండియాలోనే వారంటీ. ఆఫీసుల కోసం చేసే మోడళ్ళకు, ఉదాహరణకు లెనోవో థింక్‌ప్యాడ్‌లకు, ఇంటర్నేషనల్ వారంటీ సర్వీసు ఉంటుంది. డబ్బులు కట్టకముందే మోడల్ నంబరు, సీరియల్ నంబరు కంపెనీ సైట్లో కొట్టి చూడండి. షాపులోనే నిలబడి చూడండి, మొహమాటం వద్దు.

16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, కిలోన్నర లోపు బరువు. ర్యామ్ తర్వాత పెంచుకునే వీలుంటే ఇంకా మంచిది. గేమింగ్ కార్డు అక్కర్లేదు. మ్యాక్‌బుక్ అని ఎవరైనా చెప్తే ఈ కోర్సుకు నేను వద్దంటాను. కార్ల కంపెనీలు వాడే టూల్స్‌లో చాలావరకు విండోస్ మీద నడుస్తాయి. మా ఊరి వెక్టర్ కంపెనీ చేసే కేనో అలాంటిదే.

పీలేరు పిన్ని:

నేను ఒప్పుకోను బాబూ. మా అబ్బాయి బెర్లిన్ పోయాక అక్కడే కొన్నాడు. అక్కడి చట్టం ప్రకారం కొత్త వస్తువు ఏది కొన్నా అమ్మినవాడికి రెండేళ్ళ బాధ్యత. తయారుచేసిన కంపెనీ వారంటీ ఇచ్చినా ఇవ్వకపోయినా షాపువాడే చూసుకోవాలి. మన దగ్గర షాపువాడు ఏడాది దాటిన మర్నాడు ఫోనెత్తడు. బ్రాకెట్ల సంగతి నాకు తెలియదు గానీ, స్క్రీను పోతే తిరుపతికి పార్సిల్ చేస్తారా?

చిత్తూరు టు స్టుట్‌గార్ట్:

పిన్నీ, రెండేళ్ళ మాట నిజమే. అందుకే ఇంటర్నేషనల్ వారంటీ ఉన్నదైతేనే అక్కడ కొనమన్నాను, లేకపోతే మీ మాటే రైటు. ఇక్కడ ధరలో 19 శాతం పన్ను కలిసే ఉంటుంది, మన దగ్గర జీఎస్టీ 18 శాతం. కాబట్టి పన్ను మిగులుతుందన్న ఆశ ఎటువైపూ లేదు.

బైరాగిపట్టెడ నెట్‌వర్క్:

సార్, మీ వైఫై సంగతి నేను చెప్తాను. ఈ ఊళ్ళో ఇదే నా పని. రౌటర్ విప్పితే పాస్‌వర్డ్ ఫోన్ నంబరన్నా అయి ఉంటుంది, గోవిందా 123 అన్నా అయి ఉంటుంది. స్వామి కాపాడతాడు గానీ వైఫైని కాదు.

ఫోన్ నంబరు ఎందుకు పనికిరాదో లెక్క చూడండి. పది అంకెలే కదా, పైగా మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9తోనే మొదలవుతాయి. అంటే మొత్తం 400 కోట్ల నంబర్లు. వినడానికి పెద్దదే. మీ ఫోన్ వైఫైకి కలిసేటప్పుడు రౌటర్‌తో నాలుగు ముక్కలు మాట్లాడుకుంటుంది. రోడ్డు మీద నిలబడినవాడు ఆ ముక్కల్ని పట్టుకుంటే చాలు, మిగతా పని ఇంటికెళ్ళి చేసుకుంటాడు. మంచి గ్రాఫిక్స్ కార్డు సెకనుకు పది లక్షల పాస్‌వర్డ్‌లు సరిచూస్తుంది. 400 కోట్లకు పట్టేది 4,000 సెకన్లు. గంటా ఏడు నిమిషాలు. అంతదాకా ఎందుకు, మీ నంబరు తెలిసినవాడికి ఒక్క సెకను. అది మీ గేటు మీద టు-లెట్ బోర్డులో కూడా ఉండే ఉంటుంది.

చేయాల్సింది ఇది. రౌటర్ అడుగున స్టిక్కరు మీద 192.168తో మొదలయ్యే అడ్రస్, లాగిన్ పేరు, పాస్‌వర్డ్ ఉంటాయి. ల్యాప్‌టాప్‌లో బ్రౌజరు తెరిచి ఆ అడ్రస్ కొట్టండి. ముందు ఆ లాగిన్ పాస్‌వర్డ్ మార్చేయండి. ఇది వైఫై పాస్‌వర్డ్ కాదు, రౌటర్ తాళం. చాలా ఇళ్ళలో లాగిన్ పేరూ పాస్‌వర్డూ రెండూ అడ్మిన్ అనే ఉంటాయి. మేడమీద పిల్లల్లో ఒకడికి కాస్త తెలివి ఉన్నా లోపలికొచ్చి మీకే నెట్ కట్ చేయగలడు.

తర్వాత డబ్ల్యూపీఎస్ అని ఒకటి ఉంటుంది, ఆఫ్ చేయండి. పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్ నొక్కో, ఎనిమిదంకెల పిన్ కొట్టో కలిపే ఏర్పాటు అది. ఎనిమిది అంకెలంటే పది కోట్ల పిన్నులు అనుకుంటాం. కానీ దాన్ని చేసినవాళ్ళు మొదటి నాలుగంకెలు వేరుగా, తర్వాతి మూడు వేరుగా సరిచూసేలా పెట్టారు. ఎనిమిదోది ముందున్న ఏడింటి నుంచి లెక్కకట్టి వచ్చేదే. అంటే పదివేలు, ఇంకో వెయ్యి, మొత్తం 11,000 ప్రయత్నాలతో తలుపు తెరుచుకుంటుంది. ఈ లొసుగు 2011లోనే బయటపడింది. అయినా పాత రౌటర్లలో అది ఆన్‌లోనే వస్తోంది. డబ్ల్యూపీఎస్ ఆన్‌లో ఉంటే మీరు ఎంత పెద్ద పాస్‌వర్డ్ పెట్టినా వృథా.

సెక్యూరిటీ అన్న చోట డబ్ల్యూపీఏ3 ఉంటే అది, లేకపోతే డబ్ల్యూపీఏ2 పెట్టండి. డబ్ల్యూఈపీ అని కనబడితే ఆ రౌటర్‌ను పాతసామాన్లవాడికి ఇచ్చేయండి, అది 2001లోనే విరిగిపోయింది. వైఫై పాస్‌వర్డ్‌కు ఒకదానికొకటి సంబంధం లేని నాలుగైదు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాయండి. గుమ్మడికాయ, స్పానరు, రేణిగుంట, జమకాణం లాంటివి. 63 అక్షరాల వరకు పెట్టుకోవచ్చు. ఈ నాలుగూ మాత్రం వాడకండి, ఇప్పుడు అందరూ చదివేశారు. వైఫై పేరు కనబడకుండా దాచమని కొందరు చెప్తారు. దానివల్ల ఒరిగేదేమీ లేదు.

అద్దెవాళ్ళకు నెట్ ఇవ్వొద్దని నేను చెప్పను, మన ఊళ్ళో అది కుదిరే పని కాదు. గెస్ట్ నెట్‌వర్క్ అని విడిగా ఉంటుంది, అది ఆన్ చేసి దాని పాస్‌వర్డ్ వాళ్ళకివ్వండి. వాళ్ళకు నెట్ వస్తుంది, మీ టీవీ, ల్యాప్‌టాప్ కనబడవు. అద్దెవాళ్ళు మారినప్పుడల్లా ఆ పాస్‌వర్డ్ ఒక్కటే మార్చితే చాలు. కొన్ని రౌటర్లలో గెస్ట్‌కు స్పీడ్ పరిమితి కూడా పెట్టొచ్చు, అప్పుడు రాత్రి మీ టీవీ కూడా తిరుగుతుంది. అంటే నడుస్తుంది అని, చక్రం కాదు! పెద్ద ప్లాన్ సంగతి ఆ తర్వాత ఆలోచిద్దాం. కెమెరా యాప్ పాస్‌వర్డ్ కూడా, డబ్బాలో వచ్చిందే ఉంటే ఈ రోజే మార్చండి.

ఎవరో నెట్ వాడుకుంటే పోయేదేముంది అనుకోవద్దు. 2008లో అహ్మదాబాద్ పేలుళ్ళప్పుడు వచ్చిన బెదిరింపు ఈమెయిల్ నవీ ముంబైలో ఒక అమెరికన్ ఇంటి వైఫై నుంచి వెళ్ళింది. పోలీసులు ముందు వెళ్ళింది ఆయన ఇంటికే.

చిత్తూరు టు స్టుట్‌గార్ట్:

దీనికి తోడు అమ్మాయికి ఒక మాట చెప్పండి. జర్మనీలో టోరెంట్‌లో సినిమాలు దించుకోకూడదు. ఇంటర్నెట్ కనెక్షన్ ఎవరి పేరు మీదుంటే వాళ్ళ ఇంటికి లాయరు దగ్గర్నుంచి వందల యూరోలు కట్టమని ఉత్తరం వస్తుంది. నలుగురు కలిసి ఫ్లాట్ తీసుకుని ఈ అమ్మాయి పేరు మీద కనెక్షన్ పెడితే, పక్కగదివాడు దించుకున్న సినిమాకు ఉత్తరం ఈమెకే వస్తుంది. యూనివర్సిటీలో ఎడ్యురోమ్ అనే వైఫై ఉంటుంది, యూరప్‌లో చాలా యూనివర్సిటీల్లో అదే లాగిన్ పనిచేస్తుంది. దాన్ని చేత్తో సెట్ చేసుకోకుండా యూనివర్సిటీ చెప్పిన యాప్‌తోనే పెట్టుకోమనండి. అదే పేరుతో ఎవరైనా దొంగ వైఫై పెట్టినా పాస్‌వర్డ్ వాళ్ళ చేతికి పోదు.

ఇంకోటి, ఓటీపీలు. గూగుల్, మైక్రోసాఫ్ట్ అకౌంట్లకు ఇండియా సిమ్ మీద ఓటీపీ పెట్టుకుని ఫ్లైటెక్కితే ఇక్కడ దిగాక చాలామంది లబోదిబోమంటున్నారు. వెళ్ళేముందే, సిమ్‌తో పనిలేకుండా ఫోన్‌లోనే కోడ్ చూపించే అథెంటికేటర్ యాప్‌కు మార్చమనండి. కొత్త విండోస్ ల్యాప్‌టాప్‌లలో డిస్కు తాళం దానంతటదే పడుతుంది, దాని రికవరీ కీ కాగితం మీద రాసి మీ బీరువాలో పెట్టండి.

తిరుచానూరు నాయన:

అందరికీ చాలా థాంక్స్. నిన్న సాయంత్రం అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని రౌటర్ పని నేనే చేశాను. డబ్ల్యూపీఎస్ ఆన్‌లోనే ఉంది, తీసేశాను. లాగిన్ పేరు, పాస్‌వర్డ్ నెట్‌వర్క్ సార్ చెప్పినట్టు అడ్మిన్, అడ్మినే. కనెక్ట్ అయిన వాటి లిస్టు చూస్తే మా ఇంట్లోవి, మేడమీదవి పోను ఇంకా చాలా ఉన్నాయి. ఒకదాని పేరు "మెస్ ఆంటీ టీవీ". ఎదురింటి మెస్ అది! ఇప్పుడు గెస్ట్ పాస్‌వర్డ్ వేరు, మాది వేరు. మెస్ ఆమె పొద్దున్నే వచ్చి "అన్నా, మీ నెట్ రావడం లేదు" అనింది. ఆమె ధైర్యానికి నవ్వొచ్చింది. మేడమీద పిల్లలు ఇచ్చారంట, టిఫిన్ ఖాతాలో.

లిస్టులో కొన్ని ఫోన్లకు పేరు లేకుండా ఏవో అంకెలు, అక్షరాలు ఉన్నాయి. అవి కూడా బయటివేనా?

ల్యాప్‌టాప్‌కు శనివారం చెన్నై రిచీ స్ట్రీట్‌కు పోతున్నాం. పిన్నమ్మ మాట కూడా మనసులో ఉంది. ఇంటర్నేషనల్ వారంటీ ఉన్నది బడ్జెట్లో దొరక్కపోతే డబ్బులిచ్చే పంపుతాను. దొరికితే బిల్లు నా పేరు మీద ఉండొచ్చా, అమ్మాయి పేరు మీదే ఉండాలా?

బైరాగిపట్టెడ నెట్‌వర్క్:

పేరు లేనివన్నీ దొంగలు కాదు సార్. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్లలో ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు వైఫైకి తమ అసలు నంబరు (ఫోన్ నంబరు కాదు, మ్యాక్ అడ్రస్ అనే పరికరం గుర్తు) చెప్పకుండా ఉత్తుత్తి నంబరు చెప్తున్నాయి. మీ ఫోన్ వైఫై ఆపి లిస్టులో ఏది మాయమైందో చూడండి, అట్లా ఒక్కొక్కటీ తేల్చుకోవచ్చు. ఎలాగూ పాస్‌వర్డ్ మారింది కాబట్టి పాతవాళ్ళెవరూ ఇక రాలేరు.

చిత్తూరు టు స్టుట్‌గార్ట్:

బిల్లు అమ్మాయి పేరు మీదే, పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగ్‌తో. బిల్లు మీద సీరియల్ నంబరు వేయించండి, అది డబ్బా మీద, ల్యాప్‌టాప్ అడుగున ఉన్న నంబరుతో సరిపోవాలి. వారంటీ ఏ తేదీ నుంచి మొదలైందో అక్కడే కంపెనీ సైట్లో చూడండి. నెలల కిందటి తేదీ కనబడితే ఆ పీసు వద్దనండి. ఫ్లైట్లో హ్యాండ్ బ్యాగులోనే పెట్టుకోమనండి, పవర్ బ్యాంక్ అయితే చెకిన్ లగేజీలో అసలు పెట్టకూడదు. రిచీ స్ట్రీట్లో మధ్యాహ్నం దాటితే నడవడానికి చోటుండదు, పొద్దున్నే వెళ్ళండి.

పీలేరు పిన్ని:

ఆ మెస్‌లో టిఫిన్ బాగుంటుందా అన్నా?

తిరుచానూరు నాయన:

కారం దోసె బాగుంటుందమ్మా. నెట్ మాత్రం ఇవ్వను.