లింక్డ్‌ఇన్ ప్రొఫైల్ రిక్రూటర్ల కంట పడాలంటే ఏం మార్చాలి?

అందరికీ నమస్కారం. నేను అకౌంట్స్‌లో పనిచేస్తూ డేటా అనలిస్ట్ ఉద్యోగాల వైపు మారాలనుకుంటున్నాను. డేటా వెతికి తీసే ఎస్‌క్యూఎల్, రిపోర్టులు తయారుచేసే పవర్ బీఐ బాగానే వచ్చు. కానీ లింక్డ్‌ఇన్‌లో వచ్చే మెసేజ్‌లన్నీ ఇంకా అకౌంట్స్ ఉద్యోగాలవే, అవీ ఎప్పుడో ఒకటి.

అసలు సందేహం హెడ్‌లైన్ (ప్రొఫైల్‌లో పేరు కింద కనిపించే లైన్) గురించి. 220 క్యారెక్టర్ల దాకా రాసుకునే చోటులో నాది ‘సీనియర్ అకౌంటెంట్’ అని మాత్రమే ఉంది. రిక్రూటర్లు హోదా, స్కిల్స్ పేర్లు కొట్టి వెతుకుతారు కాబట్టి ‘డేటా అనలిస్ట్’ అనే మాట అందులో ఉండాలి, సరే. కానీ ఆ ఉద్యోగం ఇంకా చేయకుండానే ఆ పేరు పెట్టుకుంటే అబద్ధంలా ఉండదా? ‘అకౌంట్స్ అనుభవంతో డేటా అనాలిసిస్ | ఎస్‌క్యూఎల్, పవర్ బీఐ’ అంటే సరిపోతుందా? (‘ఆస్పైరింగ్’ అని చేర్చమని ఒక ఫ్రెండ్ సలహా. నాకెందుకో అది మనల్ని మనమే తగ్గించుకున్నట్టు ఉంటుంది.)

అనుభవం దగ్గర ‘నెలవారీ రిపోర్టులు తయారుచేశాను’ అని ఉంది. దాన్ని ‘చేత్తో చేస్తే రోజంతా పట్టే బకాయిల రిపోర్టును పవర్ బీఐలోకి మార్చి, నిమిషాల్లో వచ్చేలా చేశాను’ అని మార్చబోతున్నాను. కంపెనీ లెక్కలు బయటపెట్టకుండా ఇంతకంటే ఏం రాయొచ్చు?

ఉద్యోగం వెతుకుతున్నానని తెలిపే ‘ఓపెన్ టు వర్క్’ సెట్టింగ్‌ని రిక్రూటర్లకు మాత్రమే కనిపించేలా పెట్టాను. అందరికీ కనిపించేలా ఫొటో చుట్టూ ఆకుపచ్చ ఫ్రేమ్ పెడితే మా మేనేజర్ చూస్తారని టెన్షన్. రిక్రూటర్లకు మాత్రమే అని పెట్టినా సొంత కంపెనీకి తెలియదని పూర్తి గ్యారంటీ లేదని లింక్డ్‌ఇన్ వాళ్లే అంటున్నారు. ఉద్యోగంలో ఉంటూనే వెతుక్కున్నవాళ్లు ఏం చేశారు?

మీలో రిక్రూటర్లు ఎవరైనా ఉంటే, ప్రొఫైల్ తెరవగానే ముందు ఏం చూస్తారో చెప్పండి ప్లీజ్.