ఆర్క్‌లో (Arklow) రేవు నావికుల వంశవృక్షం: 1901 కంటే వెనక్కి వెళ్ళే దారి ఏది?

డబ్లిన్_కోడలు:
మా అత్తగారి పుట్టిల్లు ఐర్లండ్‌లోని విక్లో కౌంటీ ఆర్క్‌లో రేవు. తమ తాతముత్తాతలందరూ సముద్రం మీదే బతికారని ఆవిడ చెబుతారు, కానీ పేర్లు తప్ప మరేమీ ఆవిడకు గుర్తు లేవు. 1901 జనాభా లెక్కల్లో వారి ఇల్లు దొరికింది. అందులో భార్య, నలుగురు పిల్లలు ఉన్నారు కానీ భర్త పేరు లేదు. అంతకు ముందరి లెక్కలన్నీ 1922లో కాలిపోయాయని విన్నాను. ఇలాంటి వెతుకులాట చేసినవారు దారి చూపగలరా?

పాతకాగితం:
అన్నీ 1922లో కాలిపోలేదండీ. ఆ ఏడాది జూన్ 30న డబ్లిన్ ఫోర్ కోర్ట్స్ ఆవరణలోని రికార్డుల కార్యాలయంతో పాటు నాశనమైనవి 1821 నుంచి 1851 వరకు జరిగిన లెక్కలు. వాటిలోనూ కొన్ని ముక్కలు మిగిలాయి. 1861, 1871 పత్రాలను ప్రభుత్వమే అంతకు ముందు నాశనం చేసింది, 1881, 1891 పత్రాలు మొదటి ప్రపంచ యుద్ధకాలంలో కాగితపు గుజ్జుగా మారాయి.

భర్త పేరు లేనంత మాత్రాన ఆయన చనిపోయాడని అనుకోకండి. ఆ రాత్రి ఇంట్లో ఉన్నవారినే రాశారు కనుక సముద్రంలో ఉన్నవాడు ఇంటి పత్రంలోకి ఎక్కడు. భార్య వృత్తి గడిలో ‘నావికుని భార్య’ అని ఉందేమో చూడండి. తరువాత 1911 పత్రం తెరవండి. పెళ్ళై ఎన్నేళ్ళయింది, ఎందరు పిల్లలు పుట్టారు, ఎందరు బతికి ఉన్నారు అని వివాహితలను అడిగింది ఆ ఏడాదే. దాన్ని బట్టి పెళ్ళి సంవత్సరం తెలిస్తే, 1864 నుంచి అందరికీ ఉన్న ప్రభుత్వ నమోదులో ఆ వివాహ పత్రం ఉచితంగా చూడవచ్చు. వధూవరుల తండ్రుల పేర్లూ వృత్తులూ అందులో ఉంటాయి. ఒక చిన్న హెచ్చరిక: ఆర్క్‌లో నమోదు రాత్‌డ్రమ్ జిల్లా కింద ఉంటుంది. అది తెలియక నేను నెల రోజులు పోగొట్టుకున్నాను.

సరంగు_మనవడు (లివర్‌పూల్):
మా తాత కాకినాడలో సరంగు కనుక ఈ విషయం మీద నాకు మమకారం ఎక్కువ. పై మాటలన్నీ నిజమే, అయితే నావికుణ్ణి ఇంటి నుంచి కాక ఓడ నుంచి వెతకడం మంచిది. 1915 నాటి సిబ్బంది పట్టికలు పేరుతో వెతకడానికి వీలుగా ఇంటర్నెట్‌లో ఉన్నాయి. వాటిలో వయస్సు, పుట్టిన ఊరు, ఇంటి చిరునామా, ముఖ్యంగా అంతకు ముందు పనిచేసిన ఓడ పేరు ఉంటాయి. ఆ ముందటి ఓడను పట్టుకుంటే దాని పట్టికలో మరో ముందటి ఓడ కనిపిస్తుంది. అలా గొలుసు పట్టుకుని ఇరవై ఏళ్ళు వెనక్కి వెళ్ళినవారు ఉన్నారు.

పాత పట్టికలు పేర్ల వారీగా కాక, 1855 నుంచి ఓడలకు ఇచ్చిన అధికారిక సంఖ్యల వారీగా భద్రపరిచి ఉన్నాయి. క్రూ లిస్ట్ ఇండెక్స్ ప్రాజెక్ట్ వారి వెబ్‌సైట్‌లో ఓడ పేరు ఇస్తే ఆ సంఖ్య వస్తుంది. పట్టికల్లో సుమారు 70 శాతం కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ మెమోరియల్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. 5తో ముగిసే సంవత్సరాలవి ఎక్కువగా లండన్‌లోని గ్రీనిచ్ మ్యూజియంలో ఉన్నాయి. ఐర్లండ్ రేవుల్లో నమోదైన ఓడలవి కొన్ని డబ్లిన్‌లోనే ఉన్నాయి కనుక ముందు అక్కడ అడగండి.

డబ్లిన్_కోడలు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. 1911లో ఆమె పెళ్ళై 22 ఏళ్ళని రాశారు, 1889 వివాహ పత్రం దొరికింది. అయితే కొత్త చిక్కు వచ్చింది. పెళ్ళి పత్రంలో ఆయన నావికుడు, పెద్ద కొడుకు పుట్టుక నమోదులో జాలరి, రెండో కూతురి నమోదులో మళ్ళీ నావికుడు. ఇద్దరు వేర్వేరు మనుషులను కలిపేస్తున్నానా?

నీలిగట్టు:
ఆర్క్‌లోలో ఇది మామూలే. కిన్‌సేల్ వైపు మాకెరల్ వేటకు, హెర్రింగ్ వేటకు వెళ్ళి, వేట లేని కాలంలో స్కూనర్లనే తెరచాప ఓడలెక్కి సరుకులు మోసేవారు. పత్రం రాసిన నెలను బట్టి వృత్తి మారుతుంది. అసలు ప్రమాదం పేర్లతోనే: బర్న్, కావనా వంటి ఇంటిపేర్లు ఆ ప్రాంతంలో కొల్లలు కనుక భార్య పుట్టింటి పేరు కలవకుండా ఏ పత్రాన్నీ మీ వృక్షంలో చేర్చకండి. కాథలిక్ బాప్తిస్మ రిజిస్టర్లను ఐర్లండ్ జాతీయ గ్రంథాలయం 2015 నుంచి ఉచితంగా చూపుతోంది. వాటిలో సాక్షులుగా నిలిచినవారు తరచు మేనమామలో పిన్నులో అయి ఉంటారు. వయస్సును మాత్రం నమ్మకండి. 1909లో వృద్ధాప్య పింఛను మొదలయ్యాక, పదేళ్ళలో పదిహేనేళ్ళు పెరిగినవారు 1911 లెక్కల్లో కనబడతారు! ఆ పింఛనుకు తమ వయస్సు రుజువు చేసుకోవడానికి 1841, 1851 లెక్కల్లో వెతికించుకున్నవారి దరఖాస్తులు నేటికీ మిగిలి ఉన్నాయి. కాలిపోయిన లెక్కల నుంచి చాలా కుటుంబాల వివరాలు అలా దక్కాయి.

డబ్లిన్_కోడలు:
నెల రోజుల తరువాత రాస్తున్నాను. 1881 నాటి బ్రిటన్ జనాభా లెక్కల్లో రేవుల్లో ఆగి ఉన్న ఓడలను కూడా లెక్కించారని ఒక మిత్రురాలు చెబితే వెతికాను. 19 ఏళ్ళ వయస్సులో ఆయన ఒక వేల్స్ రేవులో, స్కూనర్ మీద ఉన్నాడు. ఆ స్కూనర్ సంఖ్యతో గ్రీనిచ్ నుంచి 1885 పట్టిక తెప్పించుకున్నాను. పుట్టిన ఊరు ఆర్క్‌లో, ముందటి ఓడ పేరు స్పష్టంగా ఉంది కనుక గొలుసు ఇంకా సాగుతుంది. ఆయన సంతకం చేయవలసిన చోట ఇంటూ గుర్తు పెట్టాడు. 1901 ఇంటి పత్రం కింద మాత్రం ఆయన భార్య తన పేరును పూర్తిగా, గుండ్రని అక్షరాలతో రాసుకుంది. దాన్ని అచ్చు తీయించి మా అత్తగారికి ఇచ్చాను.