ఎల్‌సీఎల్ గుత్తులు మూడో వారంలో కరిగిపోతున్నాయి, ముందు ఏది చూడాలి?

తెల్లకణం (ప్రశ్న):

మల్టిపుల్ స్క్లిరోసిస్ (నాడీ వ్యవస్థ జబ్బు) రోగుల టి కణాలు ఎప్‌స్టీన్-బార్ వైరస్‌ను ఎలా గుర్తుపడుతున్నాయో చూడటానికి అదే రోగి బి కణాలతో ఎల్‌సీఎల్ (ఈ వైరస్ సోకడంతో ఆగకుండా పెరిగే బి కణాల లైను) కావాలి. చేస్తున్న పద్ధతి ఇది. 10 మి.లీ. హెపారిన్ రక్తాన్ని ఫైకాల్ (తెల్లకణాలను వేరుచేసే ద్రవం) మీద వేసి, 50 లక్షల కణాలు తీసుకుని, 1 మి.లీ. బి95-8 తేటతో (ఈ వైరస్‌ను వదిలే బి95-8 కణాలు పెరిగిన ద్రవం) 37 డిగ్రీల దగ్గర 2 గంటలు ఉంచడం. తర్వాత 20 శాతం సీరం కలిపిన ఆర్‌పీఎంఐ-1640 మీడియా పోసి 5 మి.లీ. చేయడం. మొదటి రోజు మి.లీ.కి 1 మైక్రోగ్రాము సైక్లోస్పోరిన్ (టి కణాలను అణిచే మందు). ఆపైన మూడు రోజులకోసారి సగం మీడియా మార్పు.

ఎనిమిదో రోజుకి మంచి గుత్తులు కడుతున్నాయి. పద్దెనిమిదో రోజు దాటేసరికి గుత్తుల అంచులు వదులై, విడివిడి కణాలు, అడుగున చెత్త. ఆరుగురిలో నలుగురివి ఇలాగే పోయాయి. వైరస్ బలం తగ్గిందా, సీరం లాట్ బాగాలేదా?

ఫైకాల్‌పొర:

ఎనిమిదో రోజుకే గుత్తులు కట్టాయంటే వైరస్ తన పని చేసినట్టే. కట్టిన గుత్తి రెండో, మూడో వారంలో కరిగిందంటే ముందు అనుమానించాల్సింది టి కణాలనే. పెద్దవాళ్ళలో నూటికి 90 మందికి పైగా ఈ వైరస్ ఎప్పుడో సోకినవాళ్ళే. మల్టిపుల్ స్క్లిరోసిస్ ఉన్నవాళ్ళలోనైతే దాదాపు అందరూ. వాళ్ళ రక్తంలోని జ్ఞాపక టి కణాలు ఫ్లాస్కులోకి కూడా వస్తాయి, కొత్తగా మారిన బి కణాలను గుర్తుపట్టి, పెరిగి, చంపేస్తాయి. పెరగడానికి వాటికి రెండు వారాలు పడుతుంది. మీరు చూస్తున్నది సరిగ్గా ఆ గడువే.

సైక్లోస్పోరిన్ వేశాను కదా అంటారు. లెక్క చూడండి. 3, 6, 9, 12, 15 రోజుల్లో సగం సగం మార్చారు, మందు మళ్ళీ కలపలేదు. 1,000 నానోగ్రాములు 500, 250, 125, 62 అవుతూ పదిహేనో రోజుకి 31కి దిగింది. ఆ మోతాదు టి కణాలను పూర్తిగా ఆపదు. మార్చే ప్రతిసారీ కొత్త మీడియాలో కూడా మి.లీ.కి 1 మైక్రోగ్రాము ఉండాలి, కనీసం మూడు వారాల పాటు.

ఇంకో సంగతి, సైక్లోస్పోరిన్ నీళ్ళలో సరిగా కరగదు. ఇథనాల్‌లో మి.లీ.కి 1 మి.గ్రా. స్టాక్ చేసుకుని, మి.లీ. మీడియాకి 1 మైక్రోలీటరు చొప్పున వాడే రోజే కలపండి. మీడియాలో ముందే కలిపి ఫ్రిజ్‌లో దాస్తే మందు ప్లాస్టిక్‌కి అంటుకుంటుంది.

మూడు రోజులకోసారి కదపడం కూడా ఎక్కువే. మొదటి వారం ఫ్లాస్కు ముట్టుకోవద్దు. ఈ కణాలు ఒకదానికొకటి ఆనుకుని, తాము వదిలిన పదార్థాల సాయంతోనే పెరుగుతాయి. 25 చదరపు సెం.మీ. ఫ్లాస్కును నిలబెట్టి ఉంచండి, కణాలు మూలకి చేరతాయి. మీడియా పసుపు తిరిగినప్పుడే పైనుంచి మెల్లగా సగం తీయండి. గుత్తులను పిపెట్‌తో విడగొట్టే పని నాలుగో వారం దాకా వద్దు.

బి95:

పై జవాబుతో ఏకీభవిస్తాను, కానీ ఊహతో ఆగకుండా తేల్చుకోండి. ఒకే మనిషి కణాలను కల్చర్ ప్లేటులోని నాలుగు వెల్స్‌లో (గుంటల్లో) వేయండి: వైరస్ + సైక్లోస్పోరిన్, వైరస్ ఒక్కటే, సైక్లోస్పోరిన్ ఒక్కటే, రెండూ లేనిది. మొదటిది బతికి రెండోది కరిగితే టి కణాలే. మొదటి రెండూ పోతే వైరస్‌నో మీడియానో పట్టుకోవాలి. వైరస్ బలం కొలవాలంటే బొడ్డుతాడు రక్తం మంచిది, ఈ వైరస్‌ను ఎరిగిన జ్ఞాపక టి కణాలు అందులో ఉండవు కాబట్టి సైక్లోస్పోరిన్ లేకుండానే గుత్తులు నిలుస్తాయి.

తేటను 0.45 మైక్రాన్ల ఫిల్టర్‌లోంచే వడకట్టండి, 0.22లో వైరస్ చాలా పోతుంది. చిన్న ట్యూబుల్లో పంచి మైనస్ 80లో పెట్టండి, కరిగించినది మళ్ళీ గడ్డకట్టించొద్దు. 0.45 ఫిల్టర్ మైకోప్లాస్మాను (కల్చర్లకు పట్టే అతిచిన్న బ్యాక్టీరియా) ఆపలేదు. బి95-8 కణాల్లో అది ఉంటే ఆ తేటతో చేసిన ప్రతి లైనుకీ అంటుకుంటుంది. మీడియా మబ్బుగా కూడా మారదు, కణాలు నీరసించి పెరుగుదల తగ్గుతుంది, అంతే. వడకట్టే ముందే పీసీఆర్‌తో చూడండి.

తెల్లకణం:

చాలా థాంక్సండి. మార్చే మీడియాలో మందు కలపడం లేదన్నది నిజమే. ఇంకో రెండు సందేహాలు. సైక్లోస్పోరిన్ ఎప్పుడు మానేయాలి? ఆరోగ్యవంతుల కంట్రోల్‌కి ల్యాబ్‌లో మా రక్తమే వాడొచ్చా?

మైక్రోస్కోప్:

రెండోది ముందు చెప్తాను. వద్దు. ఆ కల్చర్‌ను ముట్టుకునే ఎవరి రక్తంతోనూ ఎల్‌సీఎల్ చేయకూడదు. వేరేవాళ్ళ కణాలు పొరపాటున సూది గుచ్చుకుని ఒంట్లోకి వెళ్తే శరీరం పరాయివని తిప్పికొడుతుంది. సొంత బి కణాలే విపరీతంగా పెరిగేలా మారి లోపలికి వెళ్తే ఆ అడ్డు ఉండదు. ల్యాబ్‌తో సంబంధం లేని దాతలను చూసుకోండి, పనంతా బయోసేఫ్టీ రెండో స్థాయిలో జరగాలి.

సైక్లోస్పోరిన్ సంగతి: గుత్తులు కంటికి కనిపించేంత పెద్దవై, మీడియా రెండు మూడు రోజులకే పసుపు తిరుగుతుంటే మానేయొచ్చు. మీ ప్రయోగానికి ఇది ప్రాణం. మందు మిగిలిన ఎల్‌సీఎల్‌ను టి కణాలతో కలిపితే టి కణాలు స్పందించవు, రోగిలో స్పందనే లేదని రాసుకుంటారు. కలిపే ముందు కనీసం రెండు వారాలు మందు లేని మీడియాలో పెంచి, మూడుసార్లు కడగండి. సీడీ3 (టి కణాల గుర్తు), సీడీ19 (బి కణాల గుర్తు) రంగులు వేసి ఫ్లో సైటోమీటర్‌లో చూసి, టి కణాలు మిగల్లేదని నిర్ధారించుకోండి.

బి95-8 వైరస్ జన్యువులో సుమారు 12 వేల బేస్‌ల ముక్క లేదు, బార్ట్ మైక్రో ఆర్‌ఎన్‌ఏలు (ఈ వైరస్ తయారుచేసే చిన్న ఆర్‌ఎన్‌ఏలు) చాలావరకు అందులోనే ఉంటాయి. కాబట్టి ఈ లైన్లలో వాటిని వెతకొద్దు. రోగి సొంత వైరస్ కావాలంటే బయటి వైరస్ వేయకుండా, సైక్లోస్పోరిన్‌తో ఎక్కువ కణాలను పెంచి చూడాలి. అలా లైను రావడం అరుదు, ఓపిక పట్టాలి.

లైను నిలిచిన మొదటి వారంలోనే, వేరే ఏ ప్రయోగానికీ కణాలు తీయకముందే, 10 శాతం డీఎంఎస్ఓతో (గడ్డకట్టేటప్పుడు కణాలను కాపాడే ద్రవం) ట్యూబుకి 50 లక్షల చొప్పున మూడు ట్యూబులు ద్రవ నైట్రోజన్‌లోకి పంపండి.